నలభై ఒకటో నొక్కు

అసలు ముందు ఆ కుర్చీ సంగతి తేల్చండి ఆఫీసరుగారూ! ఆ పక్షుల బొమ్మల సినిమా సంగతి తర్వాత. కుడిచేతి కింద, సరిగ్గా అరచెయ్యి ఆనే చోట, ఆ బటన్ ఎవరు పెట్టమన్నారండీ? మనిషన్నాక చెయ్యి ఎక్కడో అక్కడ ఆనించాలా వద్దా? గంటసేపూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోమంటారా, ఫొటో తీయించుకునేవాళ్లలాగా?

కూర్చునే మాట్లాడుతున్నాను కదా. అరవడం లేదు. నా గొంతే అంత. ముప్ఫై ఒక్కేళ్లు బళ్లో పనిచేశాను, అందులో పదమూడేళ్లు హెడ్మిస్ట్రెస్‌ని. ఆఖరి బెంచీ దాకా వినిపించాలంటే గొంతు ఇలాగే తయారవుతుంది. మీరు ఆఖరి బెంచీలో లేరు, తెలుసు. అలవాటు.

గొంతు సంగతి ఎందుకు రాస్తున్నారు? అది కొట్టేయండి. కుర్చీ సంగతి రాయండి.

ఏంటీ? అవును, నలభై ఒకటి. నేనేం కాదన్నానా? యంత్రం అచ్చేసిన చీటీ మీ చేతిలోనే ఉంది, కింద నా సంతకం ఉంది. నాతోపాటు కమిటీలో కూర్చున్న పళ్ల డాక్టరుగారు మూడు సార్లు నొక్కారు, వకీలుగారు ఎనిమిది సార్లు, నేను నలభై ఒక్కసార్లు. అయితే ఏంటట? డాక్టరుగారు గురక పెట్టి నిద్రపోయారండీ! ఆ మూడూ పక్కకి ఒత్తిగిలినప్పుడు నొక్కుకున్నవి. వకీలుగారి ఎనిమిదీ గుడ్లగూబ జడ్జి తెర మీద కనపడ్డప్పుడల్లా నొక్కినవి. మొత్తం సినిమాలో ఆయనకి బాధ కలిగించింది ఆ గుడ్లగూబ ఒక్కటే.

ఆ రూలు మీరు నాకు చదివి వినిపించక్కర్లేదు నాయనా. ఆ రూలు రాసినప్పుడు నేనూ ఉన్నాను. చీకట్లో సినిమా చూస్తూ, పిల్లలకి తగనిది ఏదైనా కనపడితే సభ్యులు బటన్ నొక్కాలి. ఎన్నో నిమిషంలో నొక్కారో యంత్రం అచ్చేస్తుంది. ఒక్క సభ్యుడు పాతికకి మించి నొక్కితే ఆ సినిమా పెద్దలకి మాత్రమే. ఒక్క నొక్కు నిమిషం దాటితే మొత్తం సినిమాకే అభ్యంతరం కింద లెక్క. నిమిషం అని పెట్టించిందే నేను. వాళ్లు రెండు నిమిషాలు పెడతామంటే ఒప్పుకోలేదు.

సరే, కారణాలు కావాలంటారు. సినిమా తీసినవాళ్ల అప్పీలు వచ్చింది కాబట్టి ఒక్కో నొక్కుకీ కారణం చెప్పాలి. తయారు చేసుకునే వచ్చాను. ఇదిగోండి, అయిదు పేజీలు, మార్జిన్ గీసి రాశాను. మీరు పెన్ను అలా పట్టుకుంటే వేలు నొప్పెడుతుంది. కొంచెం వెనక్కి పట్టుకోండి. ఆ, అలాగ.

మొదటి నొక్కు. నాలుగో నిమిషం. కోడిపుంజు సేనాధిపతి కొండ మీద నిలబడి సైన్యానికి ఉపన్యాసం ఇస్తుంది. ఆ పెద్ద పెద్ద యుద్ధం సినిమాలు ఉంటాయి చూడండి, గాలికి జుట్టు ఎగురుతూ, వెనక ఢంకాలు మోగుతూ, వాటికి వెక్కిరింత అన్నమాట ఇది. "వీరులారా!" అంటుంది పుంజు. త్రేన్పు. "ధీరులారా!" అంటుంది. ఇంకో త్రేన్పు. "మన పూర్వీకులు..." అంటుంది. ఈసారి త్రేన్పు రాదు. సైన్యమంతా ఎదురుచూస్తుంది. పుంజు కూడా ఎదురుచూస్తుంది. గాలి వీస్తుంది. వెనక వరసలోంచి ఒక ముసలి బాతు, "కానియ్యవయ్యా, మోకాళ్లు పట్టేస్తున్నాయి" అంటుంది.

కారణం: భోజన మర్యాదలకి భంగం. రాశాను చూడండి.

రెండోది ఏడో నిమిషం. రాబందు మంత్రి. దానికి ముక్కు చివర ఎప్పుడూ ఒక చీమిడి బొట్టు వేలాడుతూ ఉంటుంది. అబద్ధం చెబితే కిందికి సాగుతుంది, నిజం చెబితే పైకి పాకుతుంది. "శత్రువులు ఎంతమంది?" అని రాజు అడుగుతాడు. "పదిమందే ప్రభూ" అంటాడు మంత్రి. బొట్టు గడ్డం దాకా వచ్చేసింది! రాజు దాని వంకే చూస్తూ, "సరిగ్గా చెప్పు" అంటాడు. "అయిదుగురే" అంటాడు. మోకాళ్లు! ఇక చూసుకోండి, రాజు మంత్రి మొహం చూడ్డం మానేసి బొట్టుని చూసే రాజ్యం నడుపుతాడు. పరిపాలన అంతా చీమిడితోనే!

కారణం: పారిశుధ్యం. జలుబు చేస్తే రుమాలు వాడాలని పిల్లలకి ఎన్నేళ్లు చెప్పానో ఆ దేవుడికే తెలుసు.

మూడు, నాలుగు, అయిదు కూడా మంత్రిగారి ముక్కే. ఆరు నుంచి పదహారు వరకు అపానవాయు ప్రయోగం. అదే రాశాను, అపానవాయు ప్రయోగం, పదకొండు సార్లు. వేరే మాట ఉందని నాకూ తెలుసు. ఆఫీసు కాగితం మీద ఆ మాట ఎలా రాస్తామండీ?

పదిహేడోది... ఇది మాత్రం చాలా అభ్యంతరకరమైనది, జాగ్రత్తగా రాసుకోండి. యుద్ధం మొదలవబోతోంది. జెండా పట్టుకున్న కొక్కెర ఒక్కటే మైదానం మధ్యలో నిలబడి ఉంది. పైనుంచి ఒక పావురం పోతుంది. రెట్ట వేస్తుంది. అంతే! కానీ ఎంతసేపు పడుతుందనుకున్నారు ఆ రెట్ట కిందికి రావడానికి? నిమిషమున్నర! నెమ్మదిగా, మబ్బుల్లోంచి, గుండ్రంగా తిరుగుతూ. వెనకాల నలభైమంది కలిసి విషాద గీతం పాడుతుంటారు. కొక్కెర పైకి చూస్తుంది. దాని కంట్లో దాని బాల్యం కనిపిస్తుంది. వాళ్లమ్మ కనిపిస్తుంది. మొదటిసారి ఎగిరిన రోజు కనిపిస్తుంది. రెట్ట ఇంకా వస్తూనే ఉంటుంది! కొక్కెర కళ్లు మూసుకుని, దేశం కోసం అన్నట్టు తల ఎత్తి, నోరు తెరిచి... నోరు తెరిచి నినాదం ఇవ్వబోతుందండీ... సరిగ్గా అప్పుడే...

అమ్మో. ఒక్క నిమిషం. కాస్త మంచినీళ్లు.

ఎందుకలా చూస్తున్నారు? ఏం కొట్టాను? టేబులా? నేనా? అయ్యో, మీ పెన్నులు కింద పడ్డాయే! ఉండండి, తీస్తాను. సిరా ఒలకలేదు కదా?

లేదు లేదు, నవ్వలేదు. దగ్గు వచ్చింది.

...

సరే. మీరు చూశారు కాబట్టి ఇంక దాచేదేముంది? తలుపు వేసి ఉందా? వేసే ఉందా? అయితే వినండి.

మా ఇంట్లో అందరికీ ఒక జబ్బు ఉంది నాయనా. నవ్వొస్తే చేతికి అందినదాన్ని కొడతాం. మా నాన్న నవ్వితే పక్కన కూర్చున్నవాళ్ల తొడలు వాచేవి. చుట్టాలు ఆయన పక్కన కూర్చోవడానికి నువ్వంటే నువ్వని తోసుకునేవాళ్లు. మా అక్క ఒకసారి నవ్వుతూ కొత్త రేడియో పగలగొట్టింది. నేనూ అంతే. అందుకే బళ్లో చేరిన మొదటి వారంలోనే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడవడం నేర్చుకున్నాను. ముప్ఫై ఒక్కేళ్లు అలాగే నడిచాను. అందరూ "ఆవిడ ఎంత క్రమశిక్షణ గల మనిషో" అనుకున్నారు. పిల్లలు ఎన్ని వెధవ పనులు చేసేవాళ్లో మీకు తెలుసా? వెనకాల ఈ చేత్తో ఆ చెయ్యి పట్టుకుని, గోళ్లు గుచ్చుకునేలా నొక్కిపెట్టి, మొహం గంటు పెట్టుకుని నిలబడేదాన్ని.

మీ కుర్చీలో చేతులు వెనక్కి పెట్టుకోవడానికి చోటేదండీ? అందుకే కదా మొదట్నుంచీ కుర్చీ కుర్చీ అంటున్నాను!

నలభై నొక్కులూ నవ్వులే. కొట్టాను. చెయ్యి పడిన చోటల్లా బటనే ఉంది. చీకట్లో నాకేం తెలుసు? నోట్లో రుమాలు కుక్కుకున్నాను, చప్పుడు బయటికి రాకుండా. ఇరవై నాలుగో దగ్గరైతే, మంత్రిగారు ముక్కు చీదబోయి సింహాసనానికి అతుక్కుపోయినప్పుడు, నాకు పక్కటెముకల్లో నొప్పి వచ్చేసింది. చచ్చిపోతాననుకున్నాను. చచ్చిపోతే కారణం ఏం రాస్తారో అని ఆలోచించి ఇంకా నవ్వాను.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటారా? చెబుదామనే అనుకున్నాను. దీపాలు వెలిగాయి. యంత్రం చీటీ కక్కుతూనే ఉంది, మూరెడు పొడుగున. వకీలుగారు దాన్ని చేత్తో పట్టుకుని చూసి, లేచి నిలబడి, "మేడమ్, మీరు నిప్పండీ నిప్పు! మీలాంటి ఒక్కరుంటే చాలు ఈ దేశంలో పిల్లలు బాగుపడతారు" అన్నారు. డాక్టరుగారు నిద్ర కళ్లతోనే చప్పట్లు కొట్టారు. అప్పుడేమని చెప్పమంటారు? "నిప్పూ లేదు, నీళ్లూ లేవు, రాబందు చీమిడి చూసి పడీ పడీ నవ్వానండీ" అనా? సంతకం పెట్టేశాను. ఇంటికెళ్లి అయిదు పేజీలు మార్జిన్ గీసి రాశాను.

నవ్వండి, నవ్వండి. మీకేం, మీ చేతి కింద బటన్ లేదుగా.

ఇప్పుడు ఇద్దరం కలిసి ఒక మంచి దారి చూద్దాం. యంత్రం చెడిపోయిందని రాసేయండి. నలభై నొక్కులూ యంత్రం పొరపాటు. నేను సంతకం పెడతాను. సినిమా పిల్లలకి ఇచ్చేయండి, నిక్షేపంగా చూస్తారు. నా పరువు నాకుంటుంది. అంతేగా, ఇక లేవనా?

ఏంటి? నలభై ఒకటోదా?

అది... చెయ్యి తిమ్మిరెక్కిందండీ. తిమ్మిరెక్కి అలా ఉండిపోయింది. నాకు అరవై తొమ్మిదేళ్లు. తిమ్మిర్లు రావా?

రెండు నిమిషాల పదకొండు సెకన్లు. చూశాను, చీటీలో ఉంది. నిమిషం దాటింది కాబట్టి అది ఒక్కటి చాలు, మిగతా నలభై కొట్టేసినా సినిమా పెద్దలకి మాత్రమే. అదే కదా మీరనేది? రూలు నేనే పెట్టించాను, నాకు తెలియదా!

తిమ్మిరి పనికి రాదా? కారణం కావాలా? ఏ దృశ్యం, ఎందుకు అభ్యంతరం, రాతపూర్వకంగా. కారణం లేకపోతే నొక్కు నొక్కుగానే ఉండిపోతుంది. ఊఁ.

పెద్దలకి మాత్రమే అని ముద్ర పడితే ఏమవుతుంది నాయనా? అంటే, పెద్దలు చూస్తారుగా? ఏ పెద్దలు చూస్తారులెండి, బాతుపిల్ల బొమ్మ ఉన్న సినిమా. హాలువాళ్లు ఒక్కరూ తీసుకోరు. డబ్బాల్లో పడి ఉంటుంది.

ఆరేళ్లు పట్టిందా తీయడానికి? ఒక అమ్మాయి ఒక్కతే గీసిందా బొమ్మలన్నీ? ఆ చీమిడి బొట్టు కూడా? అయ్యో, అది ఎన్ని వందల బొమ్మలు పట్టి ఉంటుంది, పైకీ కిందికీ!

ఇవాళ వచ్చిందా ఆ అమ్మాయి? ఎక్కడ? పక్క హాల్లోనా? పదకొండింటికి విచారణ అంటే... ఇప్పుడే కదా. ఎలా ఉంటుంది మనిషి? సన్నగా ఉంటుందా? గొంతు... గొంతు చిన్నదా?

అలా ఉంటుందనే అనుకున్నాను.

లేదు, పరిచయం లేదు. అంటే, ఉంది. మీరు పెన్ను కింద పెట్టండి కాసేపు. రాయడం తర్వాత.

ఆ సినిమాలో యాభై మూడో నిమిషంలో ఒక కొంగ వస్తుంది. పిల్ల సైనికుల బడికి పెద్ద టీచరు. కళ్లజోడుకి గొలుసు. రెక్కలు రెండూ వెనక్కి కట్టుకుని నడుస్తుంది. రాగానే నాకు నవ్వొచ్చింది, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై అవే. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటూ నవ్వాను, పిచ్చిదాన్ని. అప్పుడు ఆ కొంగ మైకు ముందుకొచ్చి, "క్రమశిక్షణ అనేది లోపల్నుంచి రావాలి" అంది.

ఆ మాట నాది ఆఫీసరుగారూ. పదమూడేళ్లు ప్రతి సోమవారం పొద్దున ప్రార్థనలో ఆ మాటతోనే మొదలుపెట్టేదాన్ని.

చెయ్యి కిందికి వచ్చి బటన్ మీద పడింది. ఈసారి నవ్వు కాదు. ఇంక లేవలేదు ఆ చెయ్యి.

పందొమ్మిదేళ్ల కిందట మా బడికి తనిఖీ వచ్చింది. వేదిక మీద పెద్ద ఆఫీసరు, పక్కన ఇంకో ముగ్గురు. ఆవరణలో ఆరువందల మంది పిల్లలు, ఈనుపుల్లల్లా నిటారుగా. ఆ రోజు కోసమే కొత్త మైకు తెప్పించాను, నాలుగు స్పీకర్లు, నాలుగు మూలలా. ఒక పిల్ల, తొమ్మిదేళ్లుంటాయేమో, ఆ రోజు మంచిమాట చదవాలి. పొట్టిది. దానికి అందేలా మైకు స్టాండు బాగా కిందికి దించారు. చదివింది. చిన్న గొంతు, కానీ ఒక్క తప్పు లేకుండా చదివింది. మెచ్చుకుందామని వెళ్లాను. దానికి చెయ్యి ఇవ్వడానికి అటు తిరిగి వంగాను. మైకు సరిగ్గా నా వెనకకి వచ్చింది.

అర్థమైందా? ఇంకా చెప్పాలా?

అపానవాయువూ లేదు, గిపానవాయువూ లేదు. పిత్తాను. నేనే. ఆరువందల మంది ముందు, నాలుగు స్పీకర్లలో. వీధి చివర కుక్క మొరిగింది.

నవ్వండి నాయనా. నవ్వాల్సిందే. ఆ రోజు ఎవరైనా ఒక్కరు నవ్వి ఉంటే బాగుండేది. ఒక్కరు! నాకూ నవ్వొచ్చేది, ఆ పిల్ల వీపో ఆఫీసరుగారి వీపో చరిచి ఉండేదాన్ని, అంతటితో పోయేది. ఎవరూ కిక్కురుమనలేదు. అంత భయం పెట్టి పెంచాను మరి. ఆరువందల మంది ఊపిరి బిగబట్టి నా వంకే చూస్తున్నారు.

నేను ఆ పిల్ల వంక చూశాను.

మొదట ఏమీ అనలేదు, చూశానంతే. నేను ఎటు చూస్తే అందరూ అటే చూసేవాళ్లు ఆ బళ్లో. అందరూ ఆ పిల్లని చూశారు. వేదిక మీద పెద్ద ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. అప్పుడు నేను, ఈ నోటితోనే, "మైకులో అందరికీ క్షమాపణ చెప్పు" అన్నాను.

చెప్పింది. "తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చెయ్యను" అని. చెప్పి నా వంక చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. లెక్క సరిగ్గానే చేశాను కదా, జవాబు ఎందుకు తప్పొచ్చింది అన్నట్టు చూసింది.

ఆ రోజు నుంచి బడంతా దాన్ని స్పీకరూ స్పీకరూ అని పిలిచారు. నాకు తెలుసు. నా గది కిటికీలోంచి వినిపించేది. వాళ్లమ్మ వచ్చింది ఒకసారి, "మా అమ్మాయి తను కాదంటోందండీ" అని. ఏం చేశానో తెలుసా నేను? ఆవిడని కూర్చోమనైనా అనకుండా, ఆరోగ్యకరమైన అలవాట్ల గురించి అచ్చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాను. ఇలాంటివి ఇంట్లోనే నేర్పాలండీ అన్నాను. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఏడాది మధ్యలోనే బడి మార్పించేశారు. టీసీ మీద నేనే సంతకం పెట్టాను. నడవడిక అన్న చోట "మెరుగుపడాలి" అని రాశాను.

ఎలా తెలిసిందంటారా, ఈ అమ్మాయే ఆ పిల్ల అని? ఆలోచించండి. ఆ రోజు అక్కడున్న ఆరువందల మందీ ఆ పిల్లే అనుకున్నారు. కాదని తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకదాన్ని నేను. తెర మీద మైకులో ఆ పని కొంగ చేసింది, పక్కనున్న బాతుపిల్ల నిలబడి క్షమాపణ చెప్పింది. ఆ బొమ్మలు గీసింది ఇంకెవరవుతారు?

ఆ రెండు నిమిషాలూ బటన్ మీద చెయ్యి అలా ఉంచే చూశాను. బాతుపిల్ల వెళ్లిపోతుంది. అందరూ వెళ్లిపోతారు. కొంగ ఒక్కటే మైదానంలో ఉంటుంది. అటు నడుస్తుంది, ఇటు నడుస్తుంది. తర్వాత మైకు దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకుని, "అది నేనే" అంటుంది. నాలుగు స్పీకర్లలోనూ వినిపిస్తుంది రాజ్యమంతటికీ. "ఆ పిల్ల కాదు. నేనే. తప్పు నాది." పక్షులన్నీ ఒక్కసారి నవ్వుతాయి. కొంగ కూడా నవ్వుతుంది, రెక్కలు విప్పి నేలకేసి కొడుతూ. అప్పుడు చెయ్యి తీశాను.

అదీ రెండు నిమిషాల పదకొండు సెకన్లు.

ఇంతకీ నాకు మండిందేమిటో చెప్పనా? నన్ను కొంగని చేసినందుకు కాదు. మెడ కొంచెం పొడుగు గీసింది, పోనీలే అనుకున్నాను. ఆ ఆఖరి ముక్క! కొంగ ఎప్పుడు చెప్పిందండీ? ఎక్కడ చెప్పింది? పందొమ్మిదేళ్లలో ఒక్కసారైనా చెప్పిందా? పెద్దవాళ్లు తప్పు చేస్తే వచ్చి ఒప్పుకుంటారని పిల్లలకి చూపిస్తే, రేపు వాళ్లు నిజంగా ఎదురుచూడరూ? ఆ త్రేన్పులూ, రెట్టలూ, చీమిడీ పిల్లలకి ఏ హానీ చెయ్యవు నాయనా, కడిగితే పోతాయి. మొత్తం సినిమాలో అబద్ధం అదొక్కటే.

అంటే, అదే... ఆ పిల్లే నా తరఫున ఆ మాట చెప్పేసుకుంది. నేను చెప్పను కదా, ఇంకెవరు చెబుతారు అని. ఆరేళ్లు కూర్చుని గీసుకుంది.

తీసుకోండి పెన్ను. రాయండి. మొదటి నలభై: నవ్వు. రుమాలు సంగతి కూడా రాయండి, పర్వాలేదు. నలభై ఒకటి: సభ్యురాలు సిగ్గుతో చెయ్యి తీయలేకపోయింది. దృశ్యంలో పిల్లలకి తగనిది ఏమీ లేదు. సినిమా అందరికీ. ఏ వయసువాళ్లకైనా. కిందే సంతకం పెడతాను, ఇటివ్వండి. కమిటీలోంచి తీసేస్తే తీసేయండి. ఆ కుర్చీలో ఇంకోసారి కూర్చోమన్నా కూర్చోను.

ఇప్పుడేంటి? విచారణలో ఈ కాగితం పైకి చదవాలా? అప్పీలు పెట్టుకున్న మనిషి ఎదురుగానే? అవును, అదీ రూలే. అది నేను పెట్టించింది కాదు, ఎవడో పుణ్యాత్ముడు పెట్టాడు.

మీరు చదువుతారా? మీరు చదివితే... వద్దు. ఇలా ఇవ్వండి, నేనే చదువుతాను.

ఎంతమంది ఉన్నారు హాల్లో? నలభైమందా! వకీలుగారు కూడా వచ్చారా? వస్తారు, ఎందుకు రారు. మైకు ఉందా అక్కడ?

ఉందీ.

తీయించకండి. వద్దు, ఉండనివ్వండి. ఆ పిల్లచేత మైకులో చెప్పించి నేను చెవిలో చెబితే ఏం బాగుంటుంది?

ఒక్క చిక్కు నాయనా. ఆ రోజు నుంచీ మైకు ముందు నిలబడాల్సిన పూట నేను పచ్చి మంచినీళ్లు ముట్టను. ఇవాళేమో మైకు ఉంటుందని తెలియక, ఇందాకట్నుంచీ మీరు పోయిస్తున్న టీలు రెండూ తాగేశాను, బిస్కెట్లు నాలుగు తిన్నాను. కడుపులో ఇప్పటికే ఏదో తిరుగుతోంది. సర్లెండి, ఏమైతే అదవుతుంది. ఈసారి ఏదైనా వినపడితే మాత్రం అది నాదేనని ముందే చెప్పి మొదలుపెడతాను. పదండి.